పాట చేరింది, మాట చేరలేదు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, మామిడికాయలు మండీలకు దిగుతున్న రోజులు. మదనపల్లెలో బస్టాండు వెనక సందులో నాకొక చిన్న దుకాణం ఉంది. బోర్డు మీద ఇప్పటికీ ‘టీవీ, రేడియో, ఆంటెనా పనులు’ అనే ఉంటుంది గానీ, టీవీ బాగుచేయమని వచ్చేవాళ్ళు తగ్గిపోయి చాలా కాలమైంది. కేబుల్ ఆపరేటర్ల యాంప్లిఫయర్లు, కల్యాణ మండపాల వైర్‌లెస్ మైకులు, టమోటా మండీలో వేలం పాడే స్పీకర్లు, ఇవే ఇప్పుడు నా పని. ఇవి కాక, చుట్టుపక్కల ఎక్కడైనా ఆంటెనా మొండికేస్తే నన్ను పిలుస్తారు.

పదో తరగతితో నా చదువు ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు. పాత పుస్తకాల అంగట్లో లాగరిథమ్ పట్టిక కొని దానితో మొదలుపెట్టాను. తర్వాత ఒక పాత లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వేసుకుని నేర్చుకున్నాను. ఒక వస్తువును చేయకముందే అది ఎలా నడుచుకుంటుందో లెక్కలో చూసుకోవడం, చేశాక కొలత ఆ లెక్కతో కలిసిందో లేదో చూడడం, నాకు సినిమా కన్నా ఇష్టమైన కాలక్షేపం.

ఒకరోజు పొద్దున్నే మునెమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. కుప్పం దగ్గర ఒక పల్లెలో మహిళా సంఘాలు కలిసి చిన్న రేడియో స్టేషన్ నడుపుకుంటున్నాయి. యాభై వాట్ల ట్రాన్స్‌మిటర్, ఒక టవరు, రెండు గదులు. సాయంత్రం కార్యక్రమంలో మాట్లాడేది మునెమ్మే. ఆమె సొంతూరు స్టేషన్‌కు దూరంగా, లోయలో అడవి అంచున ఉంది. పాటలు, మార్కెట్ ధరలు అయ్యాక ఆమె చదివే చివరి అంశం ఏనుగుల కబురు. అడవిలో తిరిగే ట్రాకర్లు గుంపు ఎటు కదులుతోందో పొద్దు గూకే ముందు స్టేషన్‌కు చెప్తారు. ఆమె దాన్ని చదువుతుంది. అడవి అంచున తోటలకు కాపలా పోయేవాళ్ళు అది విని, గుంపు తమ వైపు వస్తుంటే మంచె దిగి ఊళ్ళోకి వచ్చేస్తారు. ఆ లోయలో సెల్‌ఫోన్ పనిచేయదు. రేడియో ఒక్కటే దిక్కు.

“అన్నా, మా రేడియో అందరికీ ఇనపడతాండాది, మా ఊరికి తప్ప,” అంది మునెమ్మ. “మా తమ్ముడు గంగప్ప మామిడి తోటలో కాపలా ఉంటాడు. మొన్న గుంపు తోటలోకే వస్తే బండ సందులో దాక్కోని బతికినాడు. ఆ పొద్దు నేను కబురు సదివినా. వానికి సేరల్లా. నువ్వొకతూరి వచ్చి సూడల్లన్నా.”

మరి కాపలా మానుకోమని చెప్పలేకపోయావా అని అడిగాను. చెట్ల మీద కాయ ఉన్నన్నాళ్ళు వాడు మానడని, తాను చెప్పగలిగింది ఆ రేడియోలో మాత్రమేనని చెప్పింది.

వేసవి మొదట్లో వచ్చిన గాలివానకు స్టేషన్ ఆంటెనా విరిగిందట. కొత్తది పుంగనూరు బాషా కట్టాడట. అప్పటినుంచే ఈ కష్టం. బాషా పేరు వినగానే నేను కాస్త తటపటాయించాను. మా పనిలో ఒక మర్యాద ఉంది. ఒకరు కట్టిన ఆంటెనా మీద ఇంకొకరు చెయ్యి వేయాలంటే ముందు కట్టినవాడికి చెప్పాలి, వీలైతే వెంట తీసుకుపోవాలి. పైగా బాషా నాకు పరాయివాడు కాదు. మేమిద్దరం ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం.

ఆ మేస్త్రి పేరు కృష్ణప్ప. పుంగనూరులో ఆయన రేడియో అంగడి. మా చిన్నతనంలో టీవీ అంటే మిద్దె మీద ఎత్తయిన గొట్టం, దాని చివర చేప ముల్లు లాంటి ఆంటెనా. మా ప్రాంతం మూడు రాష్ట్రాలు కలిసేచోటు కాబట్టి ఒక ఇంట్లో మద్రాసు బొమ్మ కావాలనేవాళ్ళు, పక్కింట్లో బెంగళూరు బొమ్మ కావాలనేవాళ్ళు. ఆంటెనా కొలతలు స్టేషన్‌ను బట్టి మారతాయి. కృష్ణప్ప మేస్త్రి టేపు వాడేవాడు కాదు. ఆయన దగ్గర రెండు వెదురు పుల్లలు ఉండేవి, ఒకటి మద్రాసు పుల్ల, రెండోది బెంగళూరు పుల్ల. వాటి మీద కత్తితో గాట్లు. ఇక్కడికి అర అల, ఇక్కడికి పావు అల. ఆ గాట్లు ఎక్కడినుంచి వచ్చాయని నేను అడిగితే, “కొలుసుకో, తెలుస్తాది,” అనేవాడు. కొలుచుకున్నాను. స్టేషన్ ఫ్రీక్వెన్సీతో మూడు వందలను భాగిస్తే వచ్చే మీటర్లే ఆ పుల్లలని తెలిసిన రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను. నా లెక్కల పిచ్చి అక్కడ మొదలైంది.

మేస్త్రి దగ్గర నేర్చుకున్న ఇంకో సూత్రం నీటి గురించి. ఆంటెనా మధ్యలో కేబుల్ కలిసేచోట ఒక చిన్న డబ్బా ఉంటుంది. దానిలో బాలన్ ఉంటుంది. ఊళ్ళో చాలామంది దాన్ని బెలూన్ అనేవాళ్ళు, మేమూ దిద్దేవాళ్ళం కాదు. ఆ డబ్బాలోకి నీటి చుక్క దూరితే బొమ్మ పోతుందని మేస్త్రి దానికి ఎం-సీల్ పట్టించి, పైన తారు పూయించేవాడు. చీమ కూడా దూరే సందు ఉండకూడదు. సందు కనిపిస్తే మళ్ళీ మిద్దె ఎక్కించేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తారు డబ్బా పట్టుకుని పుంగనూరు మిద్దెల మీద తిరిగిన రోజులు తలుచుకుంటే నా ముక్కుకు ఇప్పటికీ ఆ వాసన తగులుతుంది.

బాలన్ చేసే పని చెప్పడం కష్టమేం కాదు. కేబుల్‌లో లోపలి తీగ ఒకటి, దాని చుట్టూ అల్లిక ఒకటి. రెండూ ఒక తీరువి కావు. ఆంటెనాకు ఉండే రెండు చేతులు మాత్రం ఒకే తీరువి. దుంగకోసే రంపానికి అటొకరు ఇటొకరు ఉంటారు చూడండి, ఒకరు తోస్తే ఒకరు లాగాలి, ఇద్దరి బలం సమానంగా ఉండాలి. ఆంటెనా చేతులు అలా పనిచేయాలి. ఒంటిచేతి కేబుల్‌ను రెండు చేతుల ఆంటెనాకు సమంగా జత చేసేదే బాలన్. అది సరిగా లేకపోతే కరెంటు కొంత కేబుల్ పైతోలు, అంటే ఆ అల్లిక వెలుపలి వైపు, మీదుగా టవరు వెంట కిందికి జారుతుంది. అప్పుడు కేబులే ఇంకో ఆంటెనా అయి, దూరంగా పోవాల్సిన అలను నేలకూ ఆకాశానికీ చల్లేస్తుంది. దగ్గరి ఊళ్ళకు తేడా తెలియదు. అంచున ఉన్న ఊరికి తెలుస్తుంది.

నేను పుంగనూరులో దిగి బాషాకు సంగతి చెప్పాను. అతను సంతోషించలేదు. తాను చేసిన బాలన్‌ను తానే కొలిచానని, ఒకటి టవరు మీద ఉందని, దాని జోడు పెట్టెలో ఉందని, కావాలంటే కొలుచుకోమని అన్నాడు. ప్రతిదీ రెండు చేయడం మేస్త్రి పెట్టిన అలవాటే, ఒకటి పైకి, ఒకటి పెట్టెకు. అయినా కుప్పం వస్తానన్నాడు. అతని బండి మీద పలమనేరు, వి.కోట మీదుగా పోయాం. దారంతా మామిడి లారీలు.

స్టేషన్‌లో ట్రాన్స్‌మిటర్ ముందు నిలబడి బాషా మీటరు చూపించాడు. ఆ మీటరు ఆంటెనా నుంచి ఎంత పవర్ తిరిగి వస్తోందో చెప్తుంది. ముల్లు దాదాపు కదలడం లేదు.

“సూడు సీనా. తిరిగొచ్చేది ఏమీ లేదు. పోయిందంతా గాల్లోకి పోయినట్టే గదా,” అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. తప్పు ఆంటెనాలో కాదేమో, కొండ అడ్డం వస్తోందేమో, గంగప్ప రేడియోలో బ్యాటరీలు పాతవేమో అని అడుగుతూ పోయాను. కొండ పాత ఆంటెనా ఉన్నప్పుడూ ఉంది. బ్యాటరీలు మునెమ్మ రెండుసార్లు మార్పించిందట.

ఇంతలో గంగప్పే వచ్చాడు, బండి హ్యాండిల్‌కు రేడియో తగిలించుకుని. సన్నగా, నవ్వు మొహంతో ఉన్నాడు. మునెమ్మ కన్నా పదేళ్ళు చిన్నవాడు. ఏం వినపడుతుంది, ఏం వినపడదు అని మొదటినుంచీ చెప్పమన్నాను.

“సాయంత్రం ముందు దేవుడి పాట ఏస్తారు గదా సార్, అది బాగా ఇనపడతాది. దాని యనకాల ఇంకో పాట, అదీ ఇనపడతాది, కొంచెం బుస్సుమంటా. ధరలు సదివేటప్పుడు సగం సగం. మాయక్క ఏనుగుల కబురుకు నోరు తెరిసేసరికి ఒట్టి బుస్సే. ఆంటెనాకు గూడా మాయక్కంటే బయమేమో.”

“నీకు లేని బయం దానికన్నా ఉండాది లే,” అంది మునెమ్మ.

అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఆమె ‘మా ఊరికి చేరదు’ అంటోంది, మేమూ అదే ప్రశ్న వేసుకుంటున్నాం. ఎక్కడ చేరడం లేదని కాదు, ఎప్పుడు చేరడం లేదని అడగాలి. గంగప్పను ఇంకో మాట అడిగాను. కార్యక్రమం మధ్యలో కరెంటు పోయి కాసేపటికి వస్తే ఏమవుతుందని. అతను కొంచెం ఆలోచించి, ఒకసారి అట్లా పోయి వచ్చినాక మళ్ళీ కొత్తగా బాగా వినిపించిందని, కాసేపటికి మళ్ళీ మామూలేనని చెప్పాడు.

నడిచేకొద్దీ చెడి, ఆగితే బాగుపడేది ఏదైనా వేడి వల్లే. బాషా వైపు చూశాను. అతను టవరు కొన వైపు చూస్తున్నాడు.

అతని బండి మీదే వెనక్కి వచ్చాం. పుంగనూరు చేరాక బాషా అంగట్లో బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. ఇక్కడ ఎస్-పారామీటర్ల సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. మూడు వాకిళ్ళున్న ఒక ఇల్లు అనుకోండి. మొదటి వాకిట్లో నిలబడి ఒక కేక వేస్తాం. అందులో ఎంత మోత మనకే తిరిగి వస్తుందో అది ఎస్11. రెండో వాకిట్లో ఎంత వినపడిందో అది ఎస్21, మూడో వాకిట్లో ఎంతో అది ఎస్31. బాలన్‌కు కేబుల్ వైపు ఒక వాకిలి, ఆంటెనా చేతుల వైపు రెండు. కొలత డెసిబెల్స్‌లో ఉంటుంది. మైనస్ మూడు అంటే సగం, మైనస్ పది అంటే పదో వంతు. మంచి బాలన్ అయితే ఎస్21, ఎస్31 సమానంగా ఉండాలి, వాటి మధ్య నూట ఎనభై డిగ్రీల ఫేజ్ తేడా ఉండాలి. అంటే ఒకటి తోసేటప్పుడు ఇంకొకటి లాగుతుండాలి. నేను కొలిచే పద్ధతిలో, ప్రతి వాకిలికీ యాభై ఓమ్‌లు పెట్టి చూస్తే, లోపం లేని బాలన్‌కు రెండు వైపులా మైనస్ మూడున్నర రావాలి.

బాషా బాలన్‌లో కేబుల్‌ను ఒక చిన్న ఫెర్రైట్ ముక్కలోంచి చుట్టాడు. ఫెర్రైట్ అంటే పాత టీవీ ఆంటెనా డబ్బాల్లో ఉండే నల్లటి రెండు కన్నాల రాయి. కేబుల్ పైతోలు మీద జారే కరెంటును అది అడ్డుకుంటుంది. ఆ అడ్డును సిమ్యులేషన్‌లో ఆరు వందల ఓమ్‌లుగా పెట్టాను. అంకెలు చక్కగా వచ్చాయి. అప్పుడు ఆ ఆరు వందలను తగ్గించుకుంటూ పోయాను. మూడు వందలు, నూటాయాభై, చివరికి యాభై. ఎస్21, ఎస్31 ఒకదానికొకటి దూరమవుతూ పోయాయి. యాభై దగ్గర ఒకటి మైనస్ 1.9, ఇంకొకటి మైనస్ 8. రంపం ఒక్కడే లాగుతున్నట్టు. ఇది నేను ఊహించిందే. ఊహించనిది ఎస్11. అది మైనస్ తొమ్మిదిన్నర చిల్లర నుంచి మైనస్ పద్నాలుగుకు దిగింది. అంటే బాలన్ పాడయ్యేకొద్దీ తిరిగి వచ్చేది తగ్గుతోంది.

నేను లెక్క తప్పు చేశానేమోనని కాగితం మీద మళ్ళీ వేశాను. అదే వచ్చింది.

“సెడిపోయే కొద్దీ మంచి మార్కులు తెచ్చుకునేది దీన్నొక్కదాన్నే సూస్తాండా,” అన్నాడు బాషా. కానీ తెర మీది లెక్కను అతను ఒప్పుకోలేదు. ఆరు వందలు యాభై కావాలంటే ఆ రాయి ఏమైపోవాలి, చూపించు అన్నాడు. న్యాయమైన మాటే. సిమ్యులేషన్ ‘ఇలా అయితే అలా అవుతుంది’ అని చెప్తుంది. ఇలా అయిందని చెప్పదు.

పెట్టెలో ఉన్న జోడు బాలన్‌ను తీశాం. అచ్చం టవరు మీద దానిలాగే ఎం-సీల్ వేసి తారు పూసి ఉంది. దాన్ని అలాగే ఉంచి వేడి చేస్తూ కొలవాలి. ఇనప పెనం మీద పెడితే లోహం కొలతను చెడగొడుతుంది. మట్టిది కావాలి, వేడి నాలుగు వైపులా సమంగా తగలాలి. బాషా కాసేపు ఆలోచించి ఇంట్లోకి పోయి వేరుశనక్కాయలు వేయించే మట్టి మంగలం, ఇసుకతో సహా తెచ్చాడు. వెనకాలే అతని భార్య నూర్జహాన్ వచ్చింది.

“శనక్కాయలేయించే మంగలం అది. దాంట్లో ఈ తారుముద్ద ఏయించి ఎవురు తింటారు?”

“బాషానే తింటాడు వదినా,” అన్నాను.

“ఆయప్ప తినేదానికి ఇసక గూడా సాలు. మంగలం మాత్రం కడిగి ఈండి,” అని పొయ్యి తానే వెలిగించి పోయింది.

నా దగ్గర అరచేతిలో పట్టే వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ ఉంది. ఎస్-పారామీటర్లు కొలిచేది అదే. ఒకప్పుడు పెద్ద లాబుల్లో తప్ప కనిపించని వస్తువు. దానికి రెండే వాకిళ్ళు, బాలన్‌కు మూడు. అందుకని ఒక వాకిలికి యాభై ఓమ్‌ల మూత బిగించి మిగతా రెండూ కొలిచి, తర్వాత మూత మార్చి మళ్ళీ కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు ఒకటి మైనస్ 3.4, ఇంకొకటి మైనస్ 3.8, ఫేజ్ తేడా నూట డెబ్భై ఏడు. బాషా చెప్పినట్టే, వంక పెట్టడానికి లేదు. అతని పనితనం మీద నాకెప్పుడూ అనుమానం లేదు.

ఇసుక వేడెక్కింది. మొదట్లో ఏ తేడా లేదు. ఇసుకలో వేలు పెట్టలేనంత వేడెక్కాక రెండో అంకె మెల్లగా దిగడం మొదలైంది. మైనస్ నాలుగున్నర, మైనస్ ఐదు, మైనస్ ఆరు. ఆ తర్వాత ఆగలేదు, మెట్ల మీద నుంచి కుండ దొర్లినట్టు దొర్లింది. మొదటిది రెండుకు చేరింది, రెండోది ఎనిమిదికి. ఎస్11 మాత్రం బుద్ధిమంతురాలిలా మెరుగవుతూ పోయింది. నేను మూడు అంకెలూ మామూలు పాళ్ళలోకి మార్చి కలిపి చూశాను. నూటికి ఎనభై పాళ్ళు దాకా రెండు చేతులకు పోతోంది, అదీ ఒక చేతికే ఎక్కువగా. నాలుగు పాళ్ళు తిరిగి వస్తోంది. మిగిలిన పదహారు ఎటూ పోలేదు, వెనక్కీ రాలేదు. ఆ నల్లరాయిలోనే వేడిగా మిగిలిపోయింది.

దాంతో అసలు కథ తెలిసింది. టవరు మీద ఇసుక లేదు, పొయ్యి లేదు. కానీ పగలంతా ఎండ తిన్న నల్లటి తారు డబ్బా ఉంది. సాయంత్రం ట్రాన్స్‌మిటర్ వేయగానే రాయి కొంచెం వేడెక్కుతుంది. సీలు వేసిన డబ్బాలోంచి ఆ వేడి బయటికి పోదు. వేడెక్కితే అడ్డుకునే బలం తగ్గుతుంది, తగ్గితే ఇంకా ఎక్కువ కరెంటు తింటుంది, తింటే ఇంకా వేడెక్కుతుంది. దేవుడి పాట అయ్యేలోపు మొదలై, మునెమ్మ కబురు విప్పేసరికి పూర్తవుతుంది. కింద గదిలో మీటరుకు ఇదేమీ తెలియదు. పొద్దున మళ్ళీ చల్లబడుతుంది. మంగలంలోది కూడా చల్లారాక పాత అంకెలకే వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

బాషా మంగలంలో ఇసుకను పుల్లతో కెలుకుతూ కూర్చున్నాడు. పుల్ల పక్కన పెట్టి, “సందు పెట్టొద్దని మేస్త్రి సెప్పింది తప్పా అయితే?” అన్నాడు.

“తప్పు గాదప్పా. ఆయన కాలంలో మన ఆంటెనాలు వినేవే గానీ మాట్లాడేవి కావు. వినేదానికి వేడి యాడుంటాది.”

అతను తలూపాడు. టీవీ ఆంటెనాకు అందే పవర్ చీమ తుమ్మంత. దానికి నీళ్ళే శత్రువు. మేస్త్రి తన పనికి సరైన సూత్రమే నేర్పాడు. మేము ఆ సూత్రాన్ని వేరే పనికి మోసుకుపోయాం. ఆయన ఉండి ఉంటే డబ్బా చేత్తో పట్టుకుని చూసి, కాలితే రెండు తిట్లు తిట్టి, విప్పేసేవాడు.

మందు కూడా ఆయన పుల్ల మీది పావు అల గాటులోనే దొరికింది. ఫెర్రైట్ లేని బాలన్‌లు ఉన్నాయి. కేబుల్ పక్కన, వేలెడు ఎడంలో, అంతే మందం రాగి గొట్టం ఒకటి పావు అల పొడవు పెట్టి, పై కొన ఆంటెనా చేతికీ, కింది కొన కేబుల్ పైతోలుకూ అతికితే, ఆ పొడవే అడ్డుగోడగా పనిచేస్తుంది. అందులో వేడెక్కే రాయి లేదు. లెక్క ప్రకారం పొడవు ఎనభై రెండు సెంటీమీటర్ల చిల్లర. సిమ్యులేషన్‌లో రెండు చేతులూ మైనస్ 3.5 చుట్టూనే నిలబడ్డాయి. బాషా లోపలికి పోయి షట్టరు వెనకనుంచి ఒక వెదురు పుల్ల తెచ్చాడు. మద్రాసు పుల్ల. ఇన్నేళ్ళూ దాచాడని నాకు తెలియదు. దాని పక్కన కొత్త వెదురు బద్ద ఒకటి పెట్టి, కత్తితో గాటు పెట్టి, ఆ గాటుకే గొట్టం కోశాడు. నేను టేపుతో కొలిచాను. మూడు మిల్లీమీటర్లు ఎక్కువ.

“అరగదీసేదానికి ఉండాల గదా,” అన్నాడు. మేస్త్రి కూడా సరిగ్గా అదే అనేవాడు.

చేసినదాన్ని మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఎండలో పెట్టి కొలిచాను, మంగలం మీద పట్టి కొలిచాను. అంకెలు కదల్లేదు. ఈసారి డబ్బాకు కింద కన్నం పెట్టి, చీమలు దూరకుండా సన్న జాలీ అతికించాం. ఆ కన్నం పెట్టేటప్పుడు బాషా ఒక క్షణం ఆగి పైకి చూసి, ఎవరినో క్షమించమన్నట్టు చెంపలేసుకున్నాడు.

కుప్పం పోయి, టవరు ఎక్కే మనిషిని పిలిచి పొద్దున చల్లగా ఉన్నప్పుడే మార్పించాం. మీటరు ముల్లు ముందటిలాగే కూర్చుంది. ఈసారి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం బాషా స్టేషన్‌లో ఉన్నాడు. నేను గంగప్ప బండి ఎక్కి అతని తోటకు పోయాను.

మామిడి తోట చివర రాతికట్టు, దాని అవతల అడవి. మంచె నాలుగు గుంజల మీద, పైన కొబ్బరాకు కప్పు. ఎక్కి కూర్చున్నాం. గంగప్ప రేడియోను కొమ్మకు తగిలించాడు. దేవుడి పాట వచ్చింది, స్పష్టంగా. రెండో పాట వచ్చింది. నేను పాట వినడం లేదు, దాని వెనక బుస్సుమనే మోత కోసం వెతుకుతున్నాను. ధరలు వచ్చాయి. టమోటా ధర విని గంగప్ప నాలుక చప్పరించాడు. ధర మొత్తం వినపడిందని అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

తర్వాత మునెమ్మ గొంతు. రేడియోలో ఆమె పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. “శ్రోతలకు ముఖ్య గమనిక. ఏనుగుల గుంపు పడమటి వంక దాటి మామిడి తోటల వైపు కదులుతున్నట్లు ట్రాకర్లు తెలియజేశారు. కాపలాలో ఉన్నవారు వెంటనే ఊరికి చేరుకోవలసిందిగా కోరుతున్నాం.” పడమటి వంక మాకు ఎదురుగానే ఉంది. ఆమె మామూలుగా రెండుసార్లు చదువుతుందట. ఆ రోజు రెండోసారి చదవలేదు. కాగితం పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది.

“ఒరే గంగప్పా, ఇనపడతాందా రా? దిగు.”

గంగప్ప కొమ్మ మీది రేడియో వైపు తిరిగాడు. “ఇనపడతాండాది లేక్కా, అరవాకు,” అని దానికే జవాబు చెప్పి, దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. దిగుతూ దిగుతూ నావైపు చూసి, “ఇంతకాలం ఇనపల్లేదని తప్పిచ్చుకుంటాంటి సార్. ఇంక కుదరదు,” అన్నాడు.

ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే ఉన్నాం. పొద్దున పోయి చూస్తే రాతికట్టు ఒకచోట పడిపోయి ఉంది, కొమ్మలు విరిగి ఉన్నాయి, మంచె ఒక గుంజ మీద ఒరిగి ఉంది. గంగప్ప కాయల కోసం కాసేపు శాపనార్థాలు పెట్టాడు. మునెమ్మ ఆ ఒరిగిన మంచెను చూస్తూ నిలబడింది. తర్వాత మాకు బండికి కట్టలేనన్ని మామిడికాయలు కట్టించింది.

మద్రాసు పుల్ల పక్కనే కుప్పం పుల్ల ఇప్పుడు బాషా షట్టరు వెనక ఉంది. కృష్ణప్ప మేస్త్రి చేతి గాట్లూ, బాషా చేతి గాట్లూ పక్కపక్కన పెడితే తేడా చెప్పలేం. నేను పుంగనూరు పోయినప్పుడల్లా వాటిని ఒకసారి చేతిలోకి తీసుకుంటాను.

నా పనిలో మాత్రం ఆ కేసు తర్వాత ఒక మార్పు వచ్చింది. అంతవరకు ఏ ఆంటెనా అయినా ముందు ఎస్11 చూసేవాణ్ణి. తిరిగి వచ్చేది తక్కువగా ఉంటే పని అయిపోయినట్టే. తిరిగి రానిదంతా చేరినట్టు కాదని, దారిలో వేడై పోయింది కూడా తిరిగి రాదని నాకు ఆ మంగలం ముందు తెలిసింది. ఇప్పుడు ప్రతిదాన్నీ చల్లగా ఒకసారి, చెయ్యి కాలేంత వేడిలో ఒకసారి కొలుస్తాను. అంతకన్నా ముందు, అందరికన్నా దూరంగా కూర్చుని వినే మనిషి ఎవరో కనుక్కుని, మొదట ఏం వినపడింది, చివర ఏం వినపడింది అని అడుగుతాను. మీటరు చూడడం ఆ తర్వాతే.